అదే పాఠం మూడుసార్లు చెప్తే స్లో లెర్నర్‌కి వచ్చేస్తుందా?

అందరికీ నమస్కారం. ఈ వీడియో చిరాకులోంచి పుట్టింది, ముందే చెప్పేస్తున్నా. స్కూల్లో పేరెంట్ మీటింగులు మొదలయ్యాయంటే చాలు, బెంగళూరులో మారతహళ్ళి నుంచి హొరమావు దాకా మన తెలుగువాళ్ళ దగ్గర్నుంచి నాకు ఒకటే రకం ఫోన్లు. "మేడమ్, మా బాబు స్లో లెర్నర్ అంట. రెమెడియల్ క్లాసుకి పంపిస్తున్నాం, ట్యూషన్ కూడా పెట్టించాం, అయినా మార్కులు రావట్లేదు." రెమెడియల్ క్లాసులో ఏం చెప్తారండీ అని అడుగుతాను. "పొద్దున చెప్పిన పాఠమే మళ్ళీ చెప్తారు." మరి ట్యూషన్లో? "అదే పాఠం మేడమ్."

పొద్దున అర్థం కానిది సాయంత్రం ఎందుకు అర్థమవుతుందండీ? పిల్లాడికి దీంట్లో దక్కేది ఏమిటంటే, తనకి రాదన్న సంగతి రోజుకి మూడుసార్లు తెలియడం.

ఒక లెక్క తీసుకుందాం. ఇవాళంతా ఈ ఒక్క లెక్కే.

[బోర్డు మీద: 52 − 27]

మూడో క్లాసు పిల్లాడు. జవాబు 35 అని రాశాడు. టీచర్ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి పక్కన "కేర్‌లెస్" అని రాశారు. ఆ మాట చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కింద వాడు చేసిన మిగతా లెక్కలు కూడా చూడండి.

[బోర్డు మీద: 61 − 38 = 37, 80 − 46 = 46]

ఏం కనిపిస్తోంది? ప్రతి వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నాడు, పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అని చూడకుండా. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీశాడు. మూడు లెక్కల్లోనూ అదే పద్ధతి, ఎక్కడా తడబడలేదు. అజాగ్రత్తగా చేసేవాడు ఒక్కోసారి ఒక్కోలా తప్పు చేస్తాడు. వీడు ఒక రూలు పెట్టుకుని దాన్ని నిజాయితీగా పాటిస్తున్నాడు. ఆ రూలు ఎవరు నేర్పారంటారా? ఒకటో క్లాసులో మనమే. "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి నాన్నా" అని.

ఇప్పుడు వీడికి "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని పదిసార్లు చెప్పినా లాభం లేదు. 52లో ఉన్న ఆ 5 ఐదు కాదు, యాభై అని వాడికి ఇంకా ఎక్కలేదు. అంటే తప్పు కనిపించింది మూడో క్లాసులో, తెగింది ఒకటో క్లాసులో. తెగిన చోటికి వెళ్ళకుండా కనిపించిన చోటే మళ్ళీ మళ్ళీ చెప్పడాన్ని మనం రెమెడియల్ అని పిలుచుకుంటున్నాం.

సరే, ఏం చేయాలి? పుస్తకం మూసేయండి. వాడి చేతిలో పది రూపాయల నోట్లు ఐదు, రూపాయి బిళ్ళలు రెండు పెట్టండి. "నేను షాపువాణ్ణి, నాకు ఇరవై ఏడు ఇవ్వు" అనండి. రెండు పదులు టకటకా ఇచ్చేస్తాడు. తర్వాత ఆగిపోతాడు. చేతిలో రెండు బిళ్ళలే ఉన్నాయి, ఏడు కావాలి. బిళ్ళల వంక చూస్తాడు, నోట్ల వంక చూస్తాడు, మళ్ళీ మీ మొహం వంక చూస్తాడు.

ఇక్కడ దయచేసి నోరు మూసుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో దీని మీదే పనిచేశారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగట్లేదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతున్నాయి, ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలు కూడా నోరు విప్పుతున్నారు. మూడే సెకన్లు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లాడికైతే అంతకన్నా ఎక్కువే ఇవ్వండి, మన సొమ్మేం పోదు.

ఆగితే వాడే అడుగుతాడు: "మిస్, చిల్లర ఉందా?"

అయిపోయింది! లెక్క వచ్చేసింది. ఒక పది నోటు ఇచ్చి పది బిళ్ళలు తీసుకుంటాడు. పన్నెండు బిళ్ళల్లో ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. నోట్లు రెండు. ఇరవై ఐదు. మీరు అప్పు అనే మాటే ఎత్తలేదు చూశారా?

ఆగండి, ఇక్కడే చాలామంది తొందరపడతారు. నోట్లతో వచ్చింది కదా అని మర్నాడే మళ్ళీ అంకెలు. మధ్యలో బొమ్మ ఉండాలి. నోటుకి ఒక గీత, బిళ్ళకి ఒక చుక్క. గీత కొట్టేసి పది చుక్కలు పెట్టాలి. ముందు చేత్తో, తర్వాత బొమ్మతో, ఆ తర్వాతే అంకెలతో. జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1960ల్లో చెప్పిన వరుస ఇదే. చాలా స్కూళ్ళలో ఆ లెక్కల పూసలూ, దిమ్మెలూ ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే అద్దాల బీరువాలోంచి బయటికొస్తాయి. ఊరికే అంటున్నా అనుకోకండి, ఆ బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయో అడిగి చూడండి.

ఇంతకీ స్లో లెర్నర్ అంటే ఎవరు? మామూలుగా ఐక్యూ, అంటే తెలివితేటల టెస్టు స్కోరు, 70కి, 85కి మధ్య వచ్చే పిల్లల్ని అలా అంటారు. సగటు 100 ఉండేలా తయారుచేసిన టెస్టుల్లో ఈ మధ్యలో పడేవాళ్ళు వందకి దాదాపు 14 మంది. అంటే నలభై మంది ఉన్న సెక్షన్‌లో ఐదారుగురు ఉండొచ్చు. ఇది జబ్బు కాదు. డిస్‌లెక్సియా కూడా కాదు, ఆ రెండింటినీ కలపకండి. డిస్‌లెక్సియా ఉన్న పిల్లాడు నోటితో చక్కగా చెప్పి, చదవడం దగ్గర ఇబ్బంది పడొచ్చు. స్లో లెర్నర్‌కి దాదాపు అన్ని సబ్జెక్టుల్లోనూ ఎక్కువ సమయం, ఎక్కువ మెట్లు కావాలి.

బెంగళూరులో మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, రెండో భాష కన్నడ, తర్వాత హిందీ. మన 52 పిల్లాడి చెవిలో ఫిఫ్టీ టూ, ఐవత్తెరడు, బావన్ అని మోగుతుంటుంది. కాబట్టి ముద్ర వేసేముందు ఆ నోట్ల ఆట తెలుగులో ఆడించి చూడండి. తెలుగులో గబగబా చేసేస్తే ఇబ్బంది బుర్రలో లేదు, భాషలో ఉంది. కళ్ళు, చెవులు కూడా ఒకసారి చూపించండి. ఐక్యూ టెస్టు చేయిస్తే, పిల్లాడికి బాగా వచ్చిన భాషలో చేస్తారా అని ముందే అడగండి.

క్లాసులో అందరూ ఉండగా ఇదంతా ఎలా కుదురుతుంది అంటారు. కుదిరించినవాళ్ళు మన పక్కనే ఉన్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో పల్లెటూరి బడుల కోసం మెట్లు మెట్లుగా కార్డులు తయారుచేశారు. ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తీసుకుంటాడు, వాడు వెనకబడ్డాడని ఎవరూ చాటింపు వెయ్యరు. దాన్ని చూసి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు మొదలుపెట్టిందే కర్ణాటకలో నలి-కలి అనే బోధన పద్ధతి. తర్వాత రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల చిన్న క్లాసుల్లోకి వచ్చింది. ఫీజులు లక్షల్లో కట్టే మన పిల్లలకి మాత్రం అందరికీ ఒకే రోజు ఒకే పేజీ.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

"అర్థమైందా?" అని అడగకండి. "ఎస్ మిస్" అని కోరస్ వస్తుంది, మన పిల్లాడు పక్కవాడి పెదాలు చూసి అంటాడు. చేసి చూపించమనండి.

ఒకేసారి నాలుగు పనులు చెప్పకండి. పేజీ తియ్యమని చెప్పండి, తీశాక లెక్క నంబరు చెప్పండి.

పది లెక్కల హోంవర్క్ బదులు మూడు ఇవ్వండి. వాటినే రేపు ఒకసారి, వారం తర్వాత ఒకసారి అడగండి.

చట్టం సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో డిస్‌లెక్సియా లాంటి లెర్నింగ్ డిజెబిలిటీలు ఉన్నాయి, స్లో లెర్నర్ అనేది లేదు. అందుకే సర్టిఫికెట్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలిసిపోకండి. కానీ 2009 విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం, ప్రతి పిల్లాడి నేర్చుకునే శక్తిని చూసి అవసరమైతే అదనంగా చెప్పడం టీచర్ బాధ్యత. ఇది మీటింగ్‌లో మర్యాదగా గుర్తుచెయ్యండి. టీచర్ మీద అరవకండి, ఆవిడకి నలభై మంది ఉన్నారు. లెక్కల నోట్‌బుక్ అడిగి తీసుకుని, తప్పుల్లో ఏ రూలు ఉందో ఇద్దరూ కలిసి వెతకండి.

చివరగా ఎన్ఐఓఎస్, అంటే దేశమంతటికీ ఉన్న ఓపెన్ స్కూల్ బోర్డు. తొమ్మిదో క్లాసులో "మీవాణ్ణి ఓపెన్ స్కూల్‌కి మార్చేయండి" అని కొన్ని స్కూళ్ళు ఒత్తిడి చేస్తాయి, వాళ్ళ పదో క్లాసు రిజల్టు కోసం. వాళ్ళ కోసం మార్చకండి. పిల్లాడికి నిజంగా పనికొస్తుందనుకుంటే మాత్రం మంచి దారే: ఐదు సబ్జెక్టులు, అదీ ఎంచుకోవచ్చు, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు. లెక్కలు తీసుకోవాలన్న నిర్బంధం కూడా లేదు. కాకపోతే పాలిటెక్నిక్ లాంటి ఆలోచన ఉంటే లెక్కలు వదలకండి, తర్వాత అడ్మిషన్ దగ్గర ఇబ్బంది పడతారు.