మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా సైకిల్ మీద: ఘాట్, బ్రేకులు, టైమింగ్

నమస్కారం. ఈ వీడియోలో హైదరాబాద్–శ్రీశైలం రూట్ సైకిల్ మీద ఎలా చెయ్యాలో చూద్దాం. మొత్తం 215 కిలోమీటర్ల చిల్లర. కానీ అసలు సంగతంతా మన్ననూరు తర్వాత నల్లమలలో వచ్చే ఆఖరి 80 కిలోమీటర్లలోనే ఉంది. ఎక్కువమంది కాళ్ళ బలం గురించి అడుగుతారు. ఈ రూట్లో కాళ్ళకన్నా ముందు చూసుకోవాల్సినవి రెండు: టైమ్, బ్రేకులు.

ముందు టైమ్. మన్ననూరు దాటాక మీరున్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వులో. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. "తొమ్మిది దాకా టైముంది కదా" అనే లెక్క కార్లవాళ్ళది. సైకిలుకు ఆ గేటు సాయంత్రం ఐదింటికే మూసినట్టు అనుకోండి. చలికాలంలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ వేళకి కణుజులు రోడ్డు దాటుతుంటాయి, ఎలుగులు, చిరుతలు తిరగడం మొదలుపెడతాయి. మోటారు బండికైతే చప్పుడు ఉంటుంది. సైకిల్ చప్పుడు లేకుండా మీద పడేదాకా జంతువుకు తెలియదు, దానికి తెలిసేసరికి మీరు పక్కనే ఉంటారు.

కాబట్టి లెక్క వెనక నుంచి వెయ్యండి. లగేజీతో, ఆగుతూ వెళ్తే ఈ ఘాట్లో గంటకు సగటున 10 కిలోమీటర్లే పడతాయి. అంటే 80కి ఎనిమిది గంటలు. పొద్దున ఆరున్నరకు, వెలుతురు బాగా వచ్చాక, మన్ననూరులో బయల్దేరితే మధ్యాహ్నం రెండున్నర, మూడుకి శ్రీశైలం. పంచర్లకి, ట్రాఫిక్‌కి రెండు గంటలు చేతిలో ఉంటాయి. పదింటికి మన్ననూరు చేరి "లాగించేద్దాం" అనుకోవద్దు. ఆ రోజుకి అక్కడే ఆగండి.

అందుకే ఇది రెండు రోజుల ప్లాన్. మొదటి రోజు తుక్కుగూడ నుంచి కడ్తాల్, ఆమనగల్, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు. ఇది మామూలు హైవే, కాస్త ఎత్తుపల్లాలు, ఎక్కువ చెప్పుకోవడానికేం లేదు. హాజీపూర్ చౌరస్తా నుంచి లోపలికి తిరిగితే అచ్చంపేట. డబ్బులు, మందులు, ఏవైనా సామాన్లు కావాలంటే అక్కడే చూసుకోండి. ఊళ్ళ సైకిల్ షాపుల్లో 700సీ ట్యూబు, అంటే రోడ్ బైకుల చక్రాల సైజుది, దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. రెండు ట్యూబులు, అరడజను ప్యాచీలు, టైర్ లివర్లు, పంపు, తెగిన చైన్ కలిపే క్విక్ లింకు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు మీ దగ్గరే ఉండాలి. మీది సన్నటి ప్రెస్టా వాల్వ్ అయితే ఇత్తడి అడాప్టర్ ఒకటి వెయ్యండి. అది ఉంటే లారీల పంచర్ షాపులో కూడా గాలి కొట్టించుకోవచ్చు. కాకపోతే ఆ కంప్రెసర్ లారీ టైర్ కోసం పెట్టింది. సన్నటి ట్యూబులో సెకన్లలో ప్రెషర్ ఎక్కిపోతుంది, పేలుతుంది. గన్ మీరే పట్టుకుని కొంచెం కొంచెంగా కొట్టండి, మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి.

గేర్ల సంగతి. స్క్రీన్ మీద చూడండి: ముందు, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక దానికి 28. తొక్కుడు నిమిషానికి 60 చుట్లకి పడిపోయినా ఈ గేరులో స్పీడ్ గంటకు 9 కిలోమీటర్ల పైనే ఉండాలి. ఖాళీ బండికి సరే. వెనక 12 కిలోల సంచులు కట్టుకుని 7 శాతం ఎక్కుడులో, అంటే 100 మీటర్లకు 7 మీటర్లు లేచే చోట, ఆ స్పీడ్ నిలబెట్టాలంటే మోకాళ్ళు అరుస్తాయి. ముందు 30, వెనక 34 ఉంటే అదే తొక్కుడుకి గంటకు 7 కిలోమీటర్ల లోపే. నెమ్మదే, కానీ రోజంతా ఎక్కగలరు. రోడ్ బైక్ ఉన్నవాళ్ళు క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల సెట్టు) మార్చేముందు మీ వెనక డిరేలియర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి మార్చే భాగం) ఎన్ని పళ్ళ దాకా పడుతుందో మెకానిక్‌ని అడగండి. పట్టనిది బిగిస్తే డిరేలియర్ పై పుల్లీ (చిన్న చక్రం) పెద్ద పళ్ళచక్రానికి రాసుకుంటుంది. టైర్ వెడల్పు 32 మిల్లీమీటర్లయితే గాలి ఒత్తిడి వెనక 65, ముందు 60 పీఎస్ఐ చాలు.

ఇప్పుడు అడవి. మన్ననూరు చెక్‌పోస్టులో ఆగి, సైకిల్ మీద వెళ్తున్నామని చెప్పండి. రోడ్డు పరిస్థితి, ఆ వారం జంతువుల కదలిక వాళ్ళకి తెలిసినంత మ్యాపుకి తెలియదు. రిజర్వులో సింగిల్ యూజ్ ప్లాస్టిక్ నిషేధం, కాబట్టి కొన్న వాటర్ బాటిళ్ళు కాదు, మీ సొంత సీసాలు మూడు లీటర్లకు సరిపడా పెట్టుకోండి. సిగ్నల్ చాలా చోట్ల ఉండదు. మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకోండి. ఏదైనా అయితే ఫోన్ పట్టుకుని కొండెక్కొద్దు, రోడ్డు మీదే ఉండి ఆర్టీసీ బస్సు ఆపండి. అదే అన్నిటికన్నా త్వరగా అందే సాయం.

మన్ననూరు నుంచి మొదట ఎక్కుడు, ఆ తర్వాత పైన మలుపులు తిరుగుతూ ఎగుడుదిగుడు. కోతుల బెడద ఇక్కడే మొదలు. కవర్ చప్పుడైతే చాలు, వచ్చేస్తాయి. హ్యాండిల్‌కి వేలాడే సంచి, బయటికి కనిపించే అరటిపళ్ళు వద్దు. తినాలంటే రోడ్డు పక్కన కాదు, వటవర్లపల్లిలో హోటల్ లోపల కూర్చుని తినండి. అక్కడికి పదకొండుకల్లా చేరుకోవాలి. మల్లెలతీర్థం జలపాతానికి దారి ఆ దగ్గర్లోనే చీలుతుంది. చూడాలని ఉన్నా ఈ రోజు వదిలెయ్యండి, లోపలికి పోయిరావడంతో టైమ్ లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం రెండయినా దోమలపెంట రాకపోతే ఇక శ్రీశైలం మాట మర్చిపోయి, ఈగలపెంటలో వసతి చూసుకోండి. ముందే ఫోన్ చేసి కనుక్కుని ఉంచుకుంటే మంచిది.

ఈగలపెంట దాటాక డ్యామ్ దగ్గరికి దిగుడు. ఈ వీడియోలో అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సిన భాగం ఇదే.

మీరు, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. 100 మీటర్ల ఎత్తు దిగితే 98 కిలోజౌళ్ళ శక్తి ఎక్కడికో పోవాలి. స్పీడ్ పెరగనివ్వకపోతే చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఒకటిన్నర గ్లాసు నీళ్ళు మరగడానికి చాలేంత వేడి అది, ప్రతి 100 మీటర్లకూ. పై నుంచి కింది దాకా లివర్ సగం నొక్కి పట్టుకునే వాళ్ళ బ్రేకులకి ఆ వేడిని వదిలించుకునే సందే ఉండదు. రిమ్ బ్రేకయితే (చక్రం అంచుని, అంటే రిమ్‌ని, పట్టేది) రిమ్ కాలి ట్యూబు పగలొచ్చు, పాత ప్యాచీ ఊడిరావొచ్చు. డిస్క్ బ్రేకయితే (చక్రం మధ్యలోని రేకు బిళ్ళని పట్టేది) లివర్ పట్టు తగ్గి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది.

ఇలా చెయ్యండి. తిన్నగా ఉన్న ముక్కలో బండిని కొంచెం పోనివ్వండి. మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా, తక్కువ సేపు నొక్కి స్పీడ్ దించండి, వదిలెయ్యండి, అప్పుడు తిరగండి. మలుపు మధ్యలో ముందు బ్రేక్ పట్టొద్దు, చక్రం జారుతుంది. ఎడమ వైపే ఉండండి. ఎదురుగా ఎక్కే బస్సుకి హెయిర్‌పిన్ (వెనక్కి మళ్ళే మలుపు) తిరగడానికి రోడ్డు మొత్తం కావాలి, అది మీ వైపుకి వచ్చే తీరుతుంది. కాలిన వాసన వచ్చినా, లివర్ మెత్తబడినా వెడల్పు ఉన్న చోట పది నిమిషాలు ఆగండి. డిస్క్ మీద నీళ్ళు పొయ్యొద్దు, వంకర పోతుంది. వేలితో ముట్టుకుని చూడొద్దు కూడా. వానలో రిమ్ బ్రేకులు నొక్కగానే పట్టవు, ముందు తడి తుడుచుకోవాలి. అందుకే వానాకాలం ప్రతి మలుపుకీ ఇంకాస్త ముందే మొదలుపెట్టండి.

ప్యాడ్లు బయల్దేరేముందు చూసుకోవాలి. డిస్క్ ప్యాడ్ మందం మిల్లీమీటర్‌కి దగ్గర పడినా, రిమ్ ప్యాడ్ మీది గాడులు అరిగిపోయినా మార్చెయ్యండి. ఇంకా కొన్నాళ్ళు వస్తాయి అనే మాట ఊళ్ళో చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

డ్యామ్ దగ్గర ఇంకో చిక్కు ఉంది. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. వరదల్లో మట్టం దానికి దగ్గరపడి 12 గేట్లలో కొన్ని ఎత్తితే చాలు, హైదరాబాద్ సగం ఇక్కడే ఉంటుంది. మలుపుల్లో రెండు పక్కలా కార్లు, ఉన్నట్టుండి తెరుచుకునే డోర్లు. ముందు రోజు సాయంత్రం వార్తల్లో శ్రీశైలం ఇన్‌ఫ్లో, నీటిమట్టం చూడండి. గేట్లు ఎత్తే సూచన ఉంటే శని, ఆదివారాలు వదిలి మధ్య వారంలో పెట్టుకోండి. కార్తీక మాసం, శివరాత్రి, ఉగాది కూడా అంతే. మా ఓటు డిసెంబర్, జనవరిలో మంగళవారం, బుధవారం. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాలిన అడవిలో నీడే ఉండదు.

డ్యామ్‌కి దిగువన కృష్ణ మీద వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్, లింగాలగట్టు. చేపల వేపుడు ఘుమఘుమలాడుతుంది, కానీ అది దాటగానే సున్నిపెంటకు నిలువు ఎక్కుడు. కడుపు నిండా తిని ఎక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సగం తినండి, మిగతాది పైన. ఎక్కాక శ్రీశైలం ఊరికి ఇంకో పది పన్నెండు కిలోమీటర్లు.

"రిజర్వాయర్ చుట్టూ తిరిగి రావచ్చా?" అని అడుగుతుంటారు. దగ్గరి దారి లేదు. డ్యామ్‌కి ఎగువన సోమశిల–సిద్ధేశ్వరం మధ్య వంతెన 2022లో మంజూరైంది. అది వాడుకలోకి వచ్చేదాకా కొల్లాపూర్ వైపు నుంచి పడవ దాటాలి, నీళ్ళు తగ్గితే పడవ ఆగే చోటు కూడా మారుతుంది. లేదంటే కర్నూలు దాకా పెద్ద చుట్టు.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారే ఎక్కక్కర్లేదు. శ్రీశైలం నుంచి దోర్నాల 50 కిలోమీటర్లు. అంతా దిగుడే అనుకుంటారు, కాదు. ముందు సాక్షి గణపతి, హఠకేశ్వరం మీదుగా శిఖరం దాకా ఎక్కాలి, శిఖరేశ్వరం ఎత్తు 2,830 అడుగులు. ఆ తర్వాతే దిగుడు, మళ్ళీ ఇందాక చెప్పిన బ్రేకుల పద్ధతే. ఈ రోడ్డుకి కూడా రాత్రి గేటు ఉంది. దోర్నాల నుంచి మార్కాపురం 35 కిలోమీటర్ల దాకా, అక్కడ మార్కాపురం రోడ్ స్టేషన్. సైకిల్‌ని రైల్లో పార్సిల్ వెయ్యాలంటే బండి టైముకి కనీసం రెండు గంటల ముందు చేరండి. పెడళ్ళు తీసి, హ్యాండిల్ పక్కకి తిప్పి, డిరేలియర్ పైన మందంగా అట్ట చుట్టి ఇవ్వండి. మీ రైలు ఆ స్టేషన్లో పార్సిల్ ఎక్కించేంత సేపు ఆగుతుందో లేదో టికెట్ తీసేముందే అడగాలి. ఆగకపోతే నంద్యాల దాకా బస్సులో వెళ్ళి అక్కడ ఎక్కించడమే మేలు.