విరిగిన కార్బన్ మాస్ట్ మళ్లీ పనికొస్తదా? మూడు ట్యూబులకు బరువు కట్టి చూసే రివ్యూ

నమస్తే. టేబుల్ మీద మూడు నల్ల గొట్టాలున్నయి చూడండి. దూరం నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లెక్కనే ఉన్నయి. మొదటిది ఫ్యాక్టరీలో చుట్టిన కొత్త కార్బన్ ట్యూబ్. రెండోది విండ్‌సర్ఫింగ్ మాస్ట్ విరిగితే మిగిలిన కింది ముక్క. మాస్ట్ అంటే తెరచాపను నిలబెట్టే కంబం, విండ్‌సర్ఫింగ్ అంటే పలక మీద నిలబడి తెరచాపతో నీళ్ల మీద పోయే ఆట. మూడోది హనుమకొండల ఒక రేకుల షెడ్డులో చేత్తో చుట్టింది. చిన్న రేసింగ్ తెరచాప పడవకు, అంటే డింగీకి, ఏది మాస్ట్ అయితది, ఏది బూమ్, అంటే తెరచాప కింది అంచు కాడి అడ్డ కర్ర, అయితది, ఏది చుక్కాని పట్టుకునే టిల్లర్ కర్రకే పరిమితమో, ఇవాళ్టి లెక్క అది.

మన దిక్కు చెరువులకేం తక్కువ లేదు. కానీ రేసు సెయిలింగ్ అంటే హుస్సేన్‌సాగర్‌కే పోవాలె. అక్కడ్నుంచి పాత సామాను తెచ్చుకునేటోళ్లు, కాలేజీ ప్రాజెక్టు చేసే పిల్లలు అడిగేది ఒకటే: విరిగిన దాన్ని అతికిస్తే నిలుస్తదా? నిలుస్తది. అయితే ఒక మెట్టు కిందికి దించి వాడుడే నయం. మాస్ట్‌గా విరిగింది బూమ్‌గా బతుకుతది, బూమ్‌గా విరిగింది టిల్లర్ కర్రగా బతుకుతది.

ముందు రూల్ సంగతి. ఒక్కరే నడిపే ఇల్కా రేసు పడవకు, అదే పాత లేజర్‌కు, లైసెన్సున్న తయారీదారు ఇచ్చిన మాస్టే పెట్టాలె. ఇంట్ల చేసింది పెడితే రేసుల ఒప్పుకోరు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ మాస్ట్ మామూలుగా అల్యూమినియమే. మాత్ లాంటి డెవలప్‌మెంట్ క్లాసులు (రూల్ లోపల ఎవరికి నచ్చినట్టు వాళ్లు కట్టుకునే పడవలు), ప్రాక్టీసు పడవలు, సొంతంగా కట్టుకున్న పడవలు, వీటికే ఈ వీడియో.

ఇగ టెస్ట్. ట్యూబ్ కొనేముందు, అతికించినంక, రెండుసార్లూ ఇదే చెయ్యండి. రెండు స్టూళ్ల మధ్య 1.8 మీటర్ల దూరం. ట్యూబ్ అడ్డం పెట్టి, నడిమిట్ల వెడల్పు బెల్టుతో 20 కిలోల బరువు వేలాడదీసి, ఎంత దిగిందో స్కేలుతో చూడాలె. సన్న తాడు కట్టొద్దు, ట్యూబ్ గోడ నలుగుతది. బయటి వ్యాసం 50, లోపలి వ్యాసం 46 మిల్లీమీటర్లున్న అల్యూమినియం పైపు లెక్క ప్రకారం దాదాపు 4 మిల్లీమీటర్లు దిగాలె. అదే సైజుల, పోగులు ఎక్కువ భాగం నిలువునా, అంటే గొట్టం పొడుగూత, ఉన్న కార్బన్ ట్యూబ్ అయితే 3 దగ్గర ఆగుతది. బరువు చూస్తే మీటరుకు అల్యూమినియం 810 గ్రాములు, కార్బన్ 470. బిగువు, అంటే వంగకుండ నిలిచే గుణం, కొంచెం ఎక్కువ, బరువు సగానికి జర ఎక్కువ. పైసలు పెట్టేది దీనికే.

అదే సైజు ట్యూబ్‌ను అల్లిన కార్బన్ స్లీవ్ (మేజోడు లాంటి గొట్టపు గుడ్డ) ఒక్కటే తొడిగి చేసిండ్రనుకోండి, పోగులన్నీ 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటయి. అది 15 నుంచి 20 మిల్లీమీటర్లు దిగుతది! కార్బనే, కానీ అల్యూమినియం కంటే నాలుగైదు రెట్లు మెత్తన. పైన గళ్ల గళ్లుగా మెరిసే నేత చూసి మోసపోవద్దు. ఆ నేత చీర అంచు లాంటిది, బరువు మోసేది లోపలి నిలువు పోగులు. అమ్మేటోణ్ని అడగాల్సింది నిలువు పోగుల పొరలెన్ని అని. చెప్పలేకపోతే బరువు కట్టి దించి చూడండి, పైపే చెప్తది. ఇంకోటి, వ్యాసం. గోడ మందం అదే 2 మిల్లీమీటర్లు ఉంచి, బయటి వ్యాసం 50 నుంచి 45కి తగ్గిస్తే బిగువు 28 శాతం పోతది. సన్నగ ఉంటే గాలి తక్కువ తగులుతదని తొందరపడి తీసుకోకండి.

విండ్‌సర్ఫింగ్ మాస్టులకు ఒక సౌలత్ ఉన్నది, బిగువు నంబరు మీదనే రాసి ఉంటది. ఐఎంసీఎస్ అంటరు. మాస్ట్ రెండు చివరలు ఆనించి నడిమిట్ల 30 కిలోలు వేలాడదీస్తరు. మొత్తం పొడుగును ఎంత దిగిందో దానితోని భాగిస్తే వచ్చేదే ఆ నంబరు. 460 సెంటీమీటర్ల మాస్ట్ మీద 25 అని ఉంటే 18.4 సెంటీమీటర్లు దిగాలె. 20 దాటి దిగితే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. పాత మాస్ట్ కొనేటప్పుడు బేరానికి కూడా ఇది పనికొస్తది.

విరిగిన ముక్కను చూడాల్సింది ఇట్ల. విరిగిన చోటు దగ్గర్నుంచి మొదలుపెట్టి పది రూపాయల బిళ్లతో తట్టుకుంట పోండి. కుండ కొనేటప్పుడు తట్టి చూస్తమే, అట్లనే. మంచి గోడ టింగుమంటది, పొర లేచిన చోట డొప్పలెక్క బొద్దుగా మోగుతది. ఇగో ఈ ముక్కల కంటికి కనిపించే పగులు 6 సెంటీమీటర్లే. తట్టుకుంట పోతే 17 సెంటీమీటర్ల దాకా శబ్దం మారలేదు, బొద్దుగనే ఉన్నది. అక్కడ పెన్సిల్ గీత పెట్టి, ఇంకో 3 సెంటీమీటర్లు కలిపి కొయ్యాలె. పిసినారితనం చేసి పగులు దగ్గరనే కోస్తే అతుకు మంచిగనే ఉంటది, దాని పక్కన విరుగుతది.

కొయ్యడానికి కార్బైడ్ పొడి బ్లేడ్ గానీ, సన్న పళ్ల హ్యాక్‌సా గానీ చాలు. గీత మీద మాస్కింగ్ టేపు చుట్టి, నీళ్లు చల్లుకుంట కొయ్యండి. ఈ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్క్, నిండు చేతుల చొక్కా తప్పదు. గ్రైండర్ వాడేటోళ్లకు ఇంకో మాట: కార్బన్ ధూళిల కరెంటు పారుతది. మోటరు లోపలికి పోతే షార్ట్ అయితది.

అతుకుకు లోపల స్లీవ్ పెట్టాలె, అంటే రెండు ముక్కల లోపలికి దిగే గట్టి గొట్టం ముక్క. ఒక్కో దిక్కు వ్యాసానికి నాలుగు రెట్లు, అంటే 50 మిల్లీమీటర్ల పైపుకు ఒక్కో దిక్కు 20 సెంటీమీటర్లు, మొత్తం 40. అదే పైపు ముక్కను పొడుగూత చీల్చి, 13 నుంచి 14 మిల్లీమీటర్ల బద్ద తీసేసి, నొక్కి లోపలికి పంపొచ్చు. 2 మిల్లీమీటర్ల గోడ వరకు కష్టంగ నడుస్తది. అంతకంటే మందమైతే నొక్కినప్పుడే పొడుగునా పగుళ్లొస్తయి. అప్పుడు కొత్త స్లీవ్ చుట్టుకోవడమే నయం. స్లీవ్ రెండు చివరలు 3, 4 సెంటీమీటర్లు పలుచగ గీకాలె. ఇది చాలామంది వదిలేస్తరు. గీకకపోతే స్లీవ్ ఎక్కడ అయిపోతదో సరిగ్గా అక్కడనే మళ్లీ విరుగుతది. ఎపాక్సీ జిగురుకు సందు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లుండాలె. గట్టిగ దిగితే జిగురంతా గీసుకపోయి పొడిగ ఉంటది, మరీ వదులైతే జిగురే బరువు మోయాల్సొస్తది.

బయట ఏటవాలుగా సానబట్టి కొత్త పొరలు కట్టాలె. 2 మిల్లీమీటర్ల గోడకు ఒక్కో దిక్కు కనీసం 40 మిల్లీమీటర్లు, చోటుంటే 80. పొర పొరకూ 12 నుంచి 15 మిల్లీమీటర్లు జరుపుకుంట పోవాలె. బిగించడానికి ఖరీదైన ష్రింక్ టేపే (వేడికి ముడుచుకొని బిగిసే టేపు) కావాలని లేదు. పీల్ ప్లై, అంటే జిగురు గట్టిపడ్డంక ఊడదీసే గుడ్డ, చుట్టి, దాని మీద సూదితో బొక్కలు పొడిచిన ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత సైకిల్ ట్యూబును పట్టీలెక్క కోసి గట్టిగ లాగి చుట్టండి. మిగులు జిగురంతా బొక్కలల్ల నుంచి బయటికొస్తది. ఈ పనికి సైకిల్ ట్యూబుకు పదికి తొమ్మిది మార్కులు.

అతుకు ఎక్కడ పెట్టొద్దు? తాళ్ల ఆధారం లేని మాస్ట్ ఎక్కువ వంగేది డెక్ దగ్గర. దానికి పైన, కింద 30 సెంటీమీటర్ల లోపు విరిగి ఉంటే అతికించే ఆశ వదిలేసి, ఆ మాస్ట్‌ను బూమ్‌కు కోసుకోండి.

మూడోది చేత్తో చుట్టిన బూమ్, పొడుగు 2 మీటర్లు. 40 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు మీద చుట్టింది. పైపును 1200 నంబరు నీళ్ల ఎమరీతో రుద్ది, మైనం ఐదారు పూతలు వెయ్యాలె. మొదట 45 డిగ్రీల అల్లిక స్లీవ్ ఒకటి, దాని మీద 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) నిలువు పోగుల గుడ్డ మూడు పొరలు, పైన మళ్లీ స్లీవ్. గోడ 1.5 మిల్లీమీటర్లొస్తది. కార్బన్ మొత్తం 400 గ్రాములు, ఎపాక్సీ వృథాతో కలిపి 350, తయారైన బూమ్ 600 గ్రాముల దగ్గర. లోపలా బయటా ఆ ఏటవాలు పొరలు ఎందుకంటే, ఒట్టి నిలువు పోగులే ఉంటే వెదురు చీలినట్టు పొడుగునా చీలిపోతది.

గుడ్డ చుట్టేటప్పుడు ముడత పడనియ్యొద్దు. ముడత పడ్డ పోగు మీద బరువు పడితే అది ముందు సాపు అయ్యేందుకు చూస్తది, ఆ లోపల జిగురు పగులుతది. నడిమి నుంచి చివరలకు అరచేత్తో తోసుకుంట పోవాలె.

గొట్టం పైపు మీద నుంచి రాకపోవడం అందరికీ అయ్యేదే. సుత్తితో కొట్టకండి. వేడికి అల్యూమినియం సాగుతది, కార్బన్ దాదాపు సాగదు. పైపు మీదున్నప్పుడే 65 డిగ్రీల వేడిల గట్టిపరిచి, తర్వాత పైపు లోపలికి ఐసు నీళ్లు పోస్తే అల్యూమినియం 0.05 మిల్లీమీటర్లు ముడుచుకుంటది. వెంట్రుక మందమే, కానీ మైనం మంచిగ పూసి ఉంటే జారడానికి అది చాలు. చల్లగ గట్టిపడ్డ దానికి ఈ ఉపాయం పెద్దగ నడవదు.

ఎపాక్సీ సంగతి మన వాతావరణానికి తగ్గట్టు చూసుకోవాలె. కాలేజీలల్ల దొరికే ఎల్‌వై 556 ఎపాక్సీకి హెచ్‌వై 951 హార్డెనర్, అంటే దాన్ని గట్టిపరిచే మందు, తూకంలో వందకు పది. కొలత కాదు, తూకం. మే నెలల మధ్యాహ్నం కలిపితే ఇరవై నిమిషాలు కూడా చేతికందదు. గ్లాసుల ఉంచితే పొగలొస్తది. ఒక్కసారికి వంద గ్రాములే, వెడల్పు ట్రేల పోసి, తెల్లారుజామున పని మొదలుపెట్టాలె. 2 మీటర్ల పనికైతే నెమ్మది హార్డెనర్ దొరికితే అదే తీసుకోండి. వానకాలంల పైన జిడ్డు పొర తేలుతది. గోరువెచ్చని నీళ్లతో స్క్రబ్బర్ పెట్టి కడగకుండ తర్వాతి పొర వేస్తే అది పట్టుకోదు, ఊడొస్తది.

గది వేడికి గట్టిపడ్డ ఎపాక్సీ మామూలుగా 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుడు మొదలైతది. వరంగల్ ఎండల నల్ల గొట్టం ఒంటి మీద ఆ వేడి సులభంగ దాటుతది. కారు మీద తాడుతో బిగించి మధ్యాహ్నమంతా ఉంచితే వంకరగ తయారైతది. అందుకే ప్లైవుడ్ పెట్టెల ఫిలమెంట్ బల్బులు, చిన్న ఫ్యాన్, థర్మామీటర్ పెట్టి, గంటకు పది డిగ్రీల చొప్పున పెంచి, 65 దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలుంచాలె. తర్వాత తెల్ల పెయింటు. నల్ల మెరుపు మీద ప్రేముంటే ఫొటోకు ఉంచుకోండి, పడవకు తెలుపే.

బిగింపులు. కార్బన్‌కు అల్యూమినియం నేరుగ తగిలి నీళ్లు పడితే అల్యూమినియం తెల్ల పొడై రాలుతది. మధ్యల ఒక పొర గ్లాస్ గుడ్డ గానీ, ఎపాక్సీ పూత గానీ తప్పనిసరి. రివిట్ బొక్క పెట్టేముందు బయట టేపు, లోపల గుండ్రని కట్టె ఆనించండి, లేకపోతే లోపలి పొర ఊడి వేలాడుతది.

మార్కులు చెప్పాలంటే, కొత్త ట్యూబ్‌కు మాస్ట్ పైముక్కగా ఎనిమిది, దించి చూసి తీసుకుంటేనే. విండ్‌సర్ఫ్ ముక్కకు బూమ్‌గా తొమ్మిది. చేత్తో చుట్టిన దానికి బూమ్‌గా ఏడు, మాస్ట్‌గా సున్నా.

పడవ దించే ముందు తలెత్తి చూడండి. కార్బన్ మాస్ట్ పొడుగునా కరెంటు పారుతది. మన చెరువుగట్ల మీద మోటర్లకు పోయే తీగలు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటయి. మాస్ట్ నిలబెట్టేది తీగలు లేని దిక్కే. నిలబెట్టినంక పడవను ట్రాలీ మీద తోసుకుంట తీగల కింది నుంచి పోవద్దు. అటే దారి ఉంటే మాస్ట్ దించి, పడుకోబెట్టి దాటండి.