పెద్దాయన ఇవాళ ఎన్నిసార్లు లేచారు?

అందరికీ నమస్కారం. హాల్లో పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు కూడా అంతమంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ తీసుకొచ్చినవాళ్ళకే.

స్టెంటు వేయించుకునో, బైపాస్ అయ్యో, గుండె పంపింగ్ తగ్గిందని తెలిసో ఇంటికొచ్చిన పెద్దాయన్ని మనం ఎలా చూసుకుంటాం? "మామయ్యా, మీరు లేవకండి, నేను తెస్తాను" అంటాం. నీళ్ళు చేతికి, పేపరు ఒళ్ళోకి, రిమోట్ పక్కకి. అంతా ప్రేమతోనే. కానీ ఆ ప్రేమే ఆయన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా సోఫాలో కూర్చోబెడుతోంది.

పిక్కల కండరాలు కదిలినప్పుడల్లా కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. గంటల తరబడి కదలకపోతే పాదాల్లో నీరు దిగుతుంది. తొడ కండ కూడా కరిగిపోతుంది. 2007లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళలో కిలోకి దగ్గరగా కండ తగ్గింది. వాళ్ళకి ఏ జబ్బూ లేదు! కండ తగ్గిన మనిషికి లేవడమే ఆయాసం. ఆయాసం వస్తోందని ఆయన లేవడం మానేస్తారు, దాంతో కండ ఇంకా తగ్గుతుంది. మనమేమో ఆ ఆయాసమంతా గుండెదే అనుకుంటాం.

బాగా నీరసించినవాళ్ళకి "కేబీఆర్ పార్కులో రోజూ అరగంట నడవండి" అని చెప్పడం నాకు నచ్చదు. నడవలేరు, నడవలేకపోయామని కుంగిపోతారు. కూర్చునే సమయంలో కొంత తీసేసి తేలికపాటి కదలిక పెట్టినా మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకని ఎంత నడిచారన్న లెక్క పక్కన పెట్టి, ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి.

ముందు కుర్చీ సంగతి. సోఫా లోతుగా, మెత్తగా ఉంటే అందులోంచి లేవడానికి కుర్రవాళ్ళే చేతులూపాలి. గట్టి సీటు, రెండు చేతులు ఉన్న కుర్చీ కావాలి. సీటు ఎత్తు చాలామందికి 18 నుంచి 20 అంగుళాలు సరిపోతుంది. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్ళకన్నా కాస్త ఎత్తులో ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కాబట్టి వెనక గోడకి ఆనించండి. పడక్కుర్చీని అటకెక్కించండి.

లేచే పద్ధతి ఇది. సీటు అంచుకి జరగాలి. పాదాలు కొద్దిగా ఎడంగా పెట్టి, మడమలు మోకాళ్ళకన్నా వెనక్కి లాక్కోవాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, కుర్చీ చేతులు నొక్కుతూ, ఊపిరి వదులుతూ లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు. లేచాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడే అడుగెయ్యాలి. కూర్చునేటప్పుడు పిక్కలకి సీటు తగిలాకే, చేతులు వెనక్కి చాచి మెల్లగా దిగాలి. బైపాస్ ఈమధ్యే అయినవాళ్ళు చేతులతో నొక్కవచ్చో లేదో సర్జన్‌ని అడిగి తెలుసుకోవాలి. సాయం చేసేవాళ్ళు చంకల్లో చేతులేసి లాగకండి, భుజం దెబ్బతింటుంది. పక్కన నిలబడి నడుము వెనక చెయ్యి ఆనిస్తే చాలు.

ఎక్కువగా దెబ్బతీసేది కళ్ళు తిరగడం. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు వేసుకునేవాళ్ళలో ఇది మామూలే. భోజనం చేసిన గంటలో, ఏప్రిల్, మే ఎండల్లో మరీ ఎక్కువ. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ చూడండి. పడుకున్నప్పటికన్నా పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే డాక్టరుకి చెప్పండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. జారే హవాయి చెప్పులు, నేలకి రాసుకునే పంచె అంచు, బాత్రూం ముందు ముడతలు పడ్డ పట్టా కూడా మనుషుల్ని పడేస్తాయి.

ఛాతీ పట్టేసినట్టున్నా, మాట పూర్తి చెయ్యలేనంత ఆయాసమొచ్చినా, చెమటలు పట్టినా వెంటనే కూర్చోబెట్టండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టరు రాసిచ్చి ఉంటే కూర్చునే పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోతుంది. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

ఇక లెక్క. గోడ క్యాలెండర్‌కి పెన్సిలు కట్టండి. లేచిన ప్రతిసారీ ఆ తేదీ గడిలో ఒక గీత. మొదటి మూడు రోజులూ ఏమీ మార్చొద్దు, ఊరికే గీతలు పెట్టండి. రోజుకి ఎనిమిది వచ్చాయనుకోండి, తర్వాతి వారం పది చాలు. ఉత్సాహంలో మొదటిరోజే ఇరవైసార్లు లేపితే రెండు రోజులు మంచం దిగరు. ఓపిక వచ్చేకొద్దీ మెలకువగా ఉన్న ప్రతి గంటకీ ఒకసారి లేచి, రెండు నిమిషాలు నిలబడేలా చూడండి. సీరియల్లో ప్రకటనలు రాగానే లేవడం అలవాటైతే ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. డాక్టరు నీళ్ళకి పరిమితి పెట్టి ఉంటే ఆ కొలత సీసాలో పోసి, తాగాలంటే ఆయన లేచి వెళ్ళేలా డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. వంటగట్టు పట్టుకుని మడమలు అయిదుసార్లు ఎత్తి దించడం, నిలబడి కరివేపాకు దూయడం, తులసికి నీళ్ళు పోయడం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు అదే గడిలో పొద్దుటి బరువు కూడా రాయాలి. కాలకృత్యాలయ్యాక, టిఫిన్‌కి ముందు, రోజూ ఒకే మిషన్ మీద చూసుకోవాలి. గీతలు తగ్గుతూ, మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతుండవచ్చు. బద్ధకమని ఆయన్ని కసురుకోకుండా, ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి క్యాలెండర్లో ఉన్న అంకెలు చదివి వినిపించండి.