కుటుంబం అంటారు సరే, ఎవరి కుటుంబం?

(డాలస్ ప్రాంతంలోని తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘నలభై దాటాక తల్లి కావడం’. ఆహారం, వ్యాయామం, నిద్ర గురించి ఇందాక డాక్టరమ్మ నాకంటే బాగా చెప్పారు. అందుకని నేను రాజకీయం మాట్లాడతాను. రెండో వరసలో ఒకరిద్దరు అప్పుడే ఫోన్లు చేతిలోకి తీసుకున్నారు. పర్వాలేదు, చూసుకోండి.

ఈ హాల్లో సగం మందికి తెలుసు, నేను రిపబ్లికన్ ఓటరుని. పౌరసత్వం వచ్చాక 2012లో మొదటి ఓటు మిట్ రామ్నీకి వేశాను. దానికి సంజాయిషీ చెప్పుకోవడానికి రాలేదు. కష్టపడి సంపాదించినదాని మీద పన్ను తక్కువ ఉండాలి, పిల్లల విషయంలో చివరి మాట తల్లిదండ్రులదే కావాలి, పెద్దవాళ్లని దగ్గర పెట్టుకునే సంసారానికి విలువ ఉండాలి. తెనాలిలో మా నాన్నగారు ఏ పార్టీ పేరూ ఎత్తకుండా మాకు నేర్పినవి ఇవే. ఇవాళ్టికీ నమ్ముతాను. నా గొడవ వాటితో కాదు. వాటి పేరు చెప్పి ఓట్లడిగేవాళ్లు ‘కుటుంబం’ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్న ఫొటోలో నేనున్నానా, నా బిడ్డ ఉన్నాడా, మా అమ్మ ఉందా? నలభై మూడేళ్లకి నాకు బాబు పుట్టాక ఈ ప్రశ్న మొదలైంది. అంతకుముందు అడగాల్సిన అవసరం రాలేదు.

ముందు మా అమ్మ సంగతి. పాతికేళ్లకో ముప్ఫైకో కన్నవాళ్లకి మనలో ఓ సదుపాయం ఉంది. ఎనిమిదో నెలలో అమ్మ విమానం ఎక్కుతుంది, ఆరు నెలలు ఉంటుంది, ఆవిడ వెళ్లేసరికి అత్తయ్యగారు దిగుతారు. విజిటర్ వీసా గడువుకి తెలుగు కాపురాలు భలే సర్దుకున్నాయి. నా కాన్పు నాటికి మా అమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్ల ఆపరేషను, షుగరు, రాలేకపోయింది. ఆవిడకి బదులు పార్సిల్ వచ్చింది. హార్లిక్స్ సీసాలో వెల్లుల్లి కారం, పొట్లాల్లో శొంఠి పొడి, వాము, కాయం. ఒక్కో పొట్లం మీదా స్కెచ్ పెన్నుతో ‘మొదటి ముద్దలో’, ‘రాత్రి పూట వద్దు’ అని రాసింది. వీడియో కాల్‌లో “చెవుల్లో దూది పెట్టుకున్నావా?” అని అడుగుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మెయిళ్లు చూసుకుంటున్నాను. సెలవు అంతంత మాత్రం మరి. ఈ దేశంలో ఫెడరల్ చట్టం చాలామంది ఉద్యోగులకి ఇచ్చేది పన్నెండు వారాలు, అదీ జీతం లేకుండా, అదీ యాభై మందో అంతకంటే ఎక్కువో పనిచేసే కంపెనీలో అయితేనే. మా చెల్లెలు హైదరాబాద్‌లో 2017 సవరణ తర్వాత కన్నది, జీతంతో 26 వారాలు ఇంట్లో ఉంది. నేను అమెరికాలో ఉన్నానని ఇన్నాళ్లూ నన్ను చూసి గర్వపడింది, ఆ ఏడాది జాలిపడింది.

ఆ పన్నెండు వారాలూ ఊరికే రాలేదు. రిపబ్లికన్ అధ్యక్షుడు పెద్ద బుష్ దాన్ని రెండుసార్లు వీటో చేస్తే, 1993లో క్లింటన్ సంతకం పెట్టారు. ఇంకా వెనక్కి వెళ్తే 1971లో దేశమంతటా పిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లు కాంగ్రెస్ రెండు సభల్లోనూ పాసైంది, ఆదాయాన్ని బట్టి ఫీజు. నిక్సన్ వీటో చేశారు. పిల్లల పెంపకం కుటుంబం చేతిలోంచి జారి సామూహికమైపోతుందన్నది ఆయన అభ్యంతరం. ఆ అభ్యంతరం నాకు అర్థమవుతుంది, మా నాన్నగారైనా అదే అనేవారేమో. కానీ కుటుంబం చేతిలోనే ఉండాలన్నవాళ్లు, ఆ కుటుంబం ఇంటి దగ్గర ఉండటానికి నాలుగు డబ్బులిచ్చే దారీ చూపించాలి కదా! అది చూపించలేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఫెడరల్ ప్రభుత్వోద్యోగులకి జీతంతో పన్నెండు వారాలు వచ్చింది 2019లో ట్రంప్ సంతకంతోనే. ఆ సంతకం చూసి మిగతావాళ్లకీ వస్తుందని ఎదురుచూశాను.

ఈ చరిత్ర చదువుకుంటూ పోతే ఫిలిస్ ష్లాఫ్లీ అనే కన్సర్వేటివ్ (సంప్రదాయవాద) నాయకురాలి దగ్గర ఆగాను. ఆరుగురు పిల్లల తల్లి. స్త్రీలకి సమాన హక్కుల సవరణ 1972లో కాంగ్రెస్ దాటి రాష్ట్రాల ఆమోదానికి వెళ్లినప్పుడు, ఇల్లాలి స్థానం పోతుందని దేశమంతా తిరిగి దాన్ని ఆపినావిడ. అప్పటికి ఆవిడకి నలభై ఏడో నలభై ఎనిమిదో, దాదాపు నా వయసు. ఆ పోరాటం నడుస్తుండగానే లా చదివి 1978లో పట్టా పుచ్చుకుంది. ఆవిడ మాటలతో నాకు చాలా పేచీ ఉంది, ఆవిడ ఓపికతో లేదు. ఇంట్లో ఉండటమే ఆడదానికి అందమని చెప్పడానికి ఇల్లు వదిలి ఊళ్లు తిరిగిన మనిషి. ఈ రాజకీయాన్ని నిలబెట్టింది నడివయసు తల్లే, దాని లెక్కల్లో లేనిదీ నడివయసు తల్లే.

నేనూ ఇంట్లో ఉన్నాను లెండి, పెళ్లై వచ్చిన కొత్తలో, హెచ్-ఫోర్ వీసా మీద, అంటే హెచ్-వన్ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది. చట్టం పని చేయనివ్వలేదు కనుక ఉన్నాను. పక్కింటి పెద్దావిడ “భర్త సంపాదిస్తుంటే ఇల్లు చూసుకుంటున్నావు, ఎంత మంచి పద్ధతి!” అనేది. నవ్వి ఊరుకునేదాన్ని. హెచ్-ఫోర్ వాళ్లలో కొందరికి 2015లో పని అనుమతి వస్తే, 2017 చివర్లో దాన్ని తీసేస్తామని మా పార్టీ ప్రభుత్వమే ప్రకటించింది. చివరికి తీయలేదు. కానీ ఆ మూడేళ్లూ ఈ ఊళ్లో ఎంతమంది ఇళ్లు కొనడం వాయిదా వేశారో మీకు తెలుసు.

నా కొడుకు ఐవీఎఫ్ బిడ్డ, అంటే ల్యాబ్‌లో పిండం తయారుచేసి గర్భంలో పెడితే పుట్టినవాడు. ఇది వేదిక మీద చెప్పకూడదని ఇంట్లో అన్నారు, చెబుతున్నాను. మిగిలిన పిండాలు ఇప్పటికీ ఫ్రీజర్‌లో ఉన్నాయి, ఏటా నిల్వ బిల్లు వస్తుంది. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు అలాంటి పిండాలు చట్టం దృష్టిలో పిల్లలేనంది. అక్కడి క్లినిక్కులు కొన్ని వెంటనే పని ఆపేశాయి. గర్భసంచి సిద్ధం చేసుకుని, ఇంజెక్షన్లు పొడిపించుకుని కూర్చున్న ఆడవాళ్లకి ఫోన్ చేసి రావద్దన్నారు. మూడు వారాల్లోపే ఆ రాష్ట్రం హడావుడిగా క్లినిక్కులకి రక్షణ చట్టం చేసింది. మన పక్కనే డెంటన్ కౌంటీలో ఓ విడాకుల జంట పిండాల తగాదా కూడా టెక్సాస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఆ ఏడాది జూన్‌లో కోర్టు జోక్యం చేసుకోనంది. అంతవరకు బతికిపోయాం. ట్రంప్ ఐవీఎఫ్‌కి అనుకూలమనే అన్నారు, ఖర్చు తగ్గించే దారులు చూడమని 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వూ ఇచ్చారు. కానీ ఏటా బిల్లు కట్టేటప్పుడు కాగితం రెండుసార్లు చదువుకునే అలవాటు నాకు అప్పటినుంచే పట్టుకుంది.

ఇక 2025 జనవరిలో ఒక్క వారం గురించి చెప్పాలి. అసలు ఈ ప్రసంగం ఆ వారం గురించే. 20న ట్రంప్ ప్రమాణ స్వీకారం. ఆంధ్రలోని వడ్లూరు మూలాలున్న ఇంటి ఆడపిల్ల ఉషా వాన్స్ ఉపాధ్యక్షుడి భార్యగా బైబిల్ పట్టుకుని నిలబడింది. మన వాట్సాప్ గ్రూపులు ఆ రోజు పండగ చేసుకున్నాయి, నేనూ ఓ చీర ఫొటో పెట్టాను. అదే రోజు ట్రంప్ పౌరసత్వ ఉత్తర్వు వచ్చింది. తల్లి హెచ్-వన్ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, నెల రోజుల తర్వాత ఇక్కడ పుట్టే బిడ్డకి పౌరసత్వం లేదట. ఇక్కడ పుట్టినవాళ్లు ఇక్కడి పౌరులేనన్న 1868 నాటి రాజ్యాంగ పద్నాలుగో సవరణ ఏమైనట్టు? గడువులోపే సిజేరియన్ చేయమని భారతీయ జంటలు డాక్టర్లని అడుగుతున్నారని వార్తలొచ్చాయి. మన గ్రూపుల్లో అయితే మంచి ముహూర్తం బదులు ఫిబ్రవరి ఇరవై లోపు ఏ రోజైనా చాలన్నారు. 23న సియాటిల్‌లో ఒక జడ్జి ఆ ఉత్తర్వుని నిలిపేస్తూ, ఇది పచ్చిగా రాజ్యాంగ విరుద్ధం అన్నారు. ఆయన రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ నియమించిన జడ్జి. నేను నమ్మిన కన్సర్వేటివ్ ఎవరని అడిగితే ఇప్పుడు ఆయన్ని చూపిస్తాను. 24న గర్భస్రావ వ్యతిరేక ర్యాలీలో ఉపాధ్యక్షుడు మాట్లాడుతూ, అమెరికాలో ఇంకా ఎక్కువ మంది పసిపిల్లలు కావాలన్నారు.

నాలుగు రోజుల్లో రెండు మాటలు. పిల్లలు కావాలి. మీ పిల్లలు కాదు.

మధ్యలో ఒక మాట. పిల్లల్ని కనండని చెప్పడం ఇక్కడి వాళ్ల సొత్తేం కాదు. ఆంధ్రలో చంద్రబాబు గారు కూడా జనాభా తగ్గిపోతోందని అదే చెబుతున్నారు, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధన 2024లో తీసేశారు. మగవాళ్లు వేదికల మీద కనమనడం, ఆడవాళ్లు ఇంటికెళ్లి లెక్కలేసుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే. డబ్బు అసలే లేదని అనను: 2025లో వచ్చిన చట్టంలో ఆ ఏడాది నుంచి 2028 దాకా పుట్టే, పౌరసత్వం ఉన్న పిల్లలకి వెయ్యి డాలర్ల ఖాతా ఉంది, పిల్లల పన్ను రాయితీ 2,200కి పెరిగింది. మా ఊళ్లో రెండేళ్ల పిల్లాడి డేకేర్‌కి ఆ రెండూ కలిపినా రెండు మూడు నెలలే.

మావాడి స్కూలు సంగతి క్లుప్తంగా. పది ఆజ్ఞల పోస్టరు ప్రతి తరగతి గదిలో ఉండాలని టెక్సాస్ 2025లో చట్టం చేసింది, ఆ ఏడాదే కొన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో కోర్టు ఆపింది. నేను తప్ప నీకు వేరే దేవుడు ఉండకూడదన్నది అందులో మొదటి ఆజ్ఞ. ఇంట్లో పూజగదిలో గంట కొట్టే పిల్లాడు అది చదివి వచ్చి అడిగితే తల్లిదండ్రులదే చివరి మాట అన్న సూత్రం ఏమైంది? షుగర్‌లాండ్‌లో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో నిలబెట్టిన తొంభై అడుగుల హనుమంతుణ్ణి మా పార్టీ తరఫున సెనేట్‌కి పోటీ చేయాలనుకున్న ఒకాయన అబద్ధపు దేవుడన్నాడు. తప్పన్న నాయకులు మా పార్టీలో ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి అటువైపు, డెమోక్రాట్ల దగ్గరికి, వెళ్లిపోయావా అని అడుగుతున్నారు. లేదు. అటువైపు వాళ్లతోనూ నాకు కుదరనివి చాలా ఉన్నాయి. మా ఆయన ఇప్పటికీ మా పాత పార్టీకే వేస్తారు, మా ఇంట్లో భోజనాలు సజావుగానే జరుగుతున్నాయి. విసుగొచ్చి అన్నీ వదిలేసి కూర్చునే సావకాశం నాకు లేదు. రాత్రి మెనోపాజ్ చెమటలకి లేస్తాను, అప్పుడే పిల్లాడు దగ్గుతుంటాడు, అప్పుడే తెనాలి నుంచి తమ్ముడి మెసేజ్ వస్తుంది, అమ్మకి షుగర్ ఎంతుందో. వాడికి పద్దెనిమిది వచ్చేసరికి నాకు అరవై దాటతాయి. వాడి పెళ్లిలో పీటల మీద ఎవరు కూర్చుంటారో కూడా ఆలోచిస్తాను. ముప్ఫై ఏళ్ల తల్లి వచ్చే ఎన్నికలకి చూద్దాంలే అనుకోగలదు. నేను అనుకోలేను.

పోయిన దీపావళికి గుడికి ఓ అభ్యర్థి వచ్చాడు. శాలువా కప్పారు, బొట్టు పెట్టారు, లడ్డూ తిన్నాడు. జీతంతో ప్రసూతి సెలవు మీద మీ ఓటు ఎటని అడిగాను. “మీ కుటుంబం చాలా ముచ్చటగా ఉంది” అని మావాడి తల నిమిరి ఫొటో దిగి వెళ్లాడు. నిర్వాహకులకి నా మనవి: ఈసారి శాలువా జవాబు చెప్పాక కప్పండి.

ఓటరు నమోదు కార్డులు వెనక బల్ల మీద పెట్టాను. టెక్సాస్‌లో ఎన్నికకి ముప్ఫై రోజుల ముందే నమోదు కావాలి, ఏ పార్టీ అని ఆ కార్డులో అడగరు. పౌరసత్వం రానివాళ్లు దయచేసి నింపకండి, నేరం అవుతుంది. అయితే స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు. పేరు రాయిస్తే మైకు ఇస్తారు. ఈ నెల మీటింగుకి నేను వెళ్తున్నాను, కారులో నాలుగు సీట్లు ఖాళీ.