వరదలో వీధి పట్టిక

కాలనీ సంఘాల ప్రతినిధులకు, డ్వాక్రా సంఘాల సోదరీమణులకు నమస్కారం.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు దాతలకు కొదవ లేదు. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు వాహనాల నిండా వచ్చాయి. అయితే ఫ్లైఓవర్ దగ్గర, నీటి అంచున నిలబడగలిగినవారికి దొరికినంత సులువుగా లోపలి వీధుల్లో మేడల మీద చిక్కుకున్నవారికి అవి దొరకలేదు. ప్రభుత్వం డ్రోన్లతో కూడా ఆహారం దించింది. అది మంచి పనే కానీ, ఏ ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడ ఉన్నదో, ఎవరికి ఇన్సులిన్ అయిపోయిందో డ్రోనుకు ఎలా తెలుస్తుంది?

అది వీధివాళ్లకే తెలుస్తుంది. బయటి నుంచి వచ్చిన పడవవాడికి నీళ్ల కింద ఏముందో కనిపించదు కనుక, "ఎడమకు తిప్పు బాబాయ్, అక్కడ ప్రహరీ ఉంది" అని చెప్పగల కుర్రాడొకడు పడవ ముందు కూర్చోవాలి.

అందుకే వానాకాలానికి ముందే ప్రతి వీధికీ ఒక పట్టిక రాసుకోవాలని నా ప్రతిపాదన. ఇంట్లో ఎంతమంది, ఏ అంతస్తులో ఉంటారు, నడవలేనివారెవరు, రోజూ మందు వాడేవారెవరు, ఊళ్లో ఉన్న బంధువుల నంబరేమిటి అన్నవి చాలు. దీన్ని ఫోనులో దాచి ఊరుకుంటే కరెంటు పోయిన మర్నాటికే అక్కరకు రాకుండా పోతుంది. కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, మేడ మీద ఉండే ఇద్దరి దగ్గర ఉంచాలి. నెలనెలా పొదుపు కట్టించుకునే డ్వాక్రా మహిళలకు గడపగడపా తెలుసు కాబట్టి, ఈ పని వారికి అప్పగించడమే సముచితం. పాత బట్టల మూటలు పంపే దాతలకు మాత్రం ముందే వద్దని చెప్పండి. వాటిని విడదీయడానికే నలుగురు మనుషులు కావాలి.

నీళ్లు తీశాక ఈ పట్టికతో అవసరం ఇంకా పెరుగుతుంది. ఆ వరదలో నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు రూ.25,000, పై అంతస్తులవారికి రూ.10,000 చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. అటువంటప్పుడు ఆధార్ కార్డు తడిసి ముద్దైన అద్దెకున్నవారు తాము ఆ ఇంట్లోనే ఉంటున్నామని చూపించుకోవడానికి, వరదకు ముందే వీధి రాసుకున్న కాగితం కొంత ఆధారమవుతుంది. అద్దెవాళ్లు ఇళ్లు మారుతూనే ఉంటారు గనుక ఏటా జూన్‌లో, బడులు తెరిచే వేళకు, దాన్ని తిరగరాయాలి.