టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్: పదార్థం మీద పట్టు

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

అమెరికా చిప్పుల సంస్థ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చరిత్ర అనగానే చాలామంది 1958లో అక్కడి ఇంజనీరు జాక్ కిల్బీ రూపొందించిన ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌తో, అంటే భాగాలన్నీ ఒకే ముక్కలో ఇమిడిన సర్క్యూట్‌తో, మొదలుపెడతారు. నేను ఇంకొంచెం వెనక నుంచి చెబుతాను. పదార్థం గుణం తెలిసి, దాన్ని లొంగదీసుకున్న కర్మాగారం అప్పటికే అక్కడ ఉండబట్టే కిల్బీ ఆలోచన నిలబడిందని నా నమ్మకం.

1930లో జియోఫిజికల్ సర్వీస్ అన్న పేరుతో మొదలైన ఈ సంస్థ పని చమురు నిక్షేపాలను వెతకడం. నేలలో చిన్న పేలుళ్ళు జరిపి, రాతిపొరలను తాకి తిరిగివచ్చే తరంగాలను నమోదు చేసి, చమురు ఎక్కడ ఉండవచ్చో అంచనా కట్టేవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ నైపుణ్యమే జలాంతర్గాములను పసిగట్టే పరికరాల తయారీకి దారితీసింది. 1951లో సంస్థ ప్రస్తుత పేరు పెట్టుకుంది. మరుసటి ఏడాది, సంస్థ ఉన్నతాధికారి ప్యాట్రిక్ హాగర్టీ పట్టుదల వల్ల, ట్రాన్సిస్టర్ హక్కులున్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి 25,000 డాలర్లు చెల్లించి, విద్యుత్ సంకేతాలను పెంచే ఆ చిన్న పరికరం తయారీకి లైసెన్సు తీసుకుంది.

అప్పటి ట్రాన్సిస్టర్లన్నీ జర్మేనియంతో చేసినవే. వేడి 75 డిగ్రీల సెల్సియస్ దాటితే అవి సరిగా పనిచేయవు కనుక సైన్యానికి అంతగా ఉపయోగపడలేదు. సిలికాన్ వేడికి తట్టుకుంటుంది. కానీ దాన్ని కరిగించడానికి 1,400 డిగ్రీలకు పైగా వేడి కావాలి, పైగా కరిగిన సిలికాన్ తనను పట్టి ఉంచిన మూసతోనే రసాయనిక చర్య జరిపి మలినమవుతుంది. ట్రాన్సిస్టర్ పుట్టిన పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో స్ఫటికాలు పెంచడంలో ఆరితేరిన రసాయన శాస్త్రవేత్త గోర్డన్ టీల్ 1953లో ఈ సంస్థ కేంద్రమైన డల్లాస్‌కు వచ్చి, ఈ చిక్కు మీదే దృష్టి పెట్టారు.

1954 మే నెలలో ఓహయో రాష్ట్రంలోని డేటన్‌లో జరిగిన సదస్సులో, సిలికాన్ ట్రాన్సిస్టర్ రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుందని ముందు మాట్లాడినవారు చెప్పారు. టీల్ తన వంతు రాగానే, అవి తన దగ్గర సిద్ధంగా ఉన్నాయని ప్రకటించి, ఒక రికార్డ్ ప్లేయర్ తెప్పించారు. దాని ఆంప్లిఫయర్‌లోని జర్మేనియం ట్రాన్సిస్టర్‌ను మరిగే నూనెలో ముంచగానే పాట ఆగిపోయింది. దాని స్థానంలో సిలికాన్ ట్రాన్సిస్టర్ పెట్టి అదే నూనెలో ముంచితే పాట సాగుతూనే ఉంది. సంస్థ చరిత్రలో అంత సూటిగా విషయం చెప్పిన ప్రదర్శన మరొకటి లేదని నా అభిప్రాయం.

కిల్బీ సంగతి ఈ నేపథ్యంలో చూడాలి. 1958 జులైలో సిబ్బంది అంతా సెలవులకు వెళ్తే, కొత్తగా చేరిన ఆయనకు సెలవు లేక ల్యాబ్‌లోనే ఉండిపోయారు. ఈ సంస్థ చవకగా, బాగా చేయగలిగేది అర్ధవాహకాల (సిలికాన్, జర్మేనియం వంటి పదార్థాలతో చేసే పరికరాల) తయారీ ఒక్కటే అయితే, సర్క్యూట్‌లోని మిగతా భాగాలైన రెసిస్టర్లనూ కెపాసిటర్లనూ కూడా ఆ పదార్థంతోనే ఎందుకు చేయకూడదని ఆలోచించారు. సెప్టెంబరు 12న అధికారుల ఎదుట, గాజుపలక మీద అతికించిన సన్నని జర్మేనియం ముక్కకు కరెంటు ఇవ్వగానే విద్యుత్ సంకేతాలను చూపే ఆసిలోస్కోప్ తెరపై తరంగం కనిపించింది; సర్క్యూట్ పనిచేసిందన్నమాట. భాగాలను కలిపే తీగలు మాత్రం చేత్తో అతికించినవే. ఆ లోపాన్ని మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్ అనే మరో అమెరికా సంస్థలో రాబర్ట్ నోయిస్ తొలగించారు. కిల్బీకి 2000లో నోబెల్ బహుమతి లభించింది.

కిల్బీ చేరిన 1958లోనే ఈ సంస్థలో అడుగుపెట్టిన మోరిస్ చాంగ్, పాడయ్యే ట్రాన్సిస్టర్ల శాతాన్ని తగ్గించడంలో పేరు తెచ్చుకున్నారు. తైవాన్‌లో 1987లో ఆయన స్థాపించిన చిప్పుల తయారీ సంస్థ టీఎస్‌ఎంసీ ఇతరుల డిజైన్లను తయారుచేసి ఇవ్వడమే వృత్తిగా పెట్టుకుంది.

మన దేశానికి ఈ సంస్థ 1985లో బెంగళూరు డిజైన్ కేంద్రంతో వచ్చింది. ఉపగ్రహం ద్వారా విదేశాల్లోని సంస్థ కేంద్రాలతో అనుసంధానమై, ఇక్కడి ఇంజనీర్లు చిప్పుల నమూనాలు గీశారు. ఆ తరం ఇంజనీర్ల ప్రతిభ మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ మన దగ్గరకు వచ్చింది డిజైన్ మాత్రమే. టీల్ కుస్తీ పట్టిన మూస, కొలిమి, స్ఫటికం మాత్రం సముద్రాల అవతలే ఉండిపోయాయి.