ఏడాదికి 78 లక్షల ఫీజు: హార్వర్డ్, ఎంఐటీ మన హైదరాబాద్ పిల్లలకి నిజంగా ఎంతలో పడతాయి?

[తెరపై: అమీర్‌పేట మెట్రో కింద కన్సల్టెన్సీల బోర్డులు]

అమీర్‌పేటలో తలెత్తితే చాలు, "యూఎస్‌లో స్కాలర్‌షిప్ గ్యారంటీ" అన్న బోర్డు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ బోర్డుల మీద పెద్దగా కనిపించని కాలేజీల గురించి: హార్వర్డ్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి ప్రైవేటు యూనివర్సిటీలు. అదీ ఇంటర్ తర్వాత చేసే నాలుగేళ్ల డిగ్రీకి. ఎమ్మెస్ సంగతి వేరు, చివర్లో రెండు మాటల్లో చెప్తాను.

ముందు అందరూ భయపడే అంకె చూద్దాం. 2025-26లో హార్వర్డ్‌లో ట్యూషన్, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 87 వేల డాలర్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి డాలర్ 90 రూపాయలు అనుకుందాం. 78 లక్షలు. నాలుగేళ్లకి మూడు కోట్ల పైమాటే. చాలా ఇళ్లలో చర్చ ఇక్కడే ఆగిపోతుంది. "మియాపూర్ ఫ్లాట్ అమ్మినా చాలదురా" అంటారు నాన్నగారు.

[తెరపై: 87,000 డాలర్లు. కింద: ఇది ఎవరు కడుతున్నారు?]

ఆ మొత్తం అక్కడ అందరూ కట్టరండీ. హార్వర్డ్ డిగ్రీ పిల్లల్లో సగానికి పైగా ఆర్థిక సాయం తీసుకుంటున్నవాళ్లే. దాదాపు నాలుగో వంతు కుటుంబాలు ఒక్క డాలర్ కూడా కట్టవు. 2025-26 నుంచి హార్వర్డ్, ఎంఐటీ పెట్టిన గీత ఇది: కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఉంటే అమ్మానాన్నలు కట్టాల్సింది ఏమీ ఉండదు, రెండు లక్షల లోపైతే ట్యూషన్ ఉండదు. ప్రిన్స్‌టన్ ఇంకా పైకి వెళ్లింది, అక్కడ ఆ రెండు గీతలు లక్షన్నర, రెండున్నర లక్షల డాలర్లు. ప్రిన్స్‌టన్ 2001లోనే ఎయిడ్ ప్యాకేజీలోంచి అప్పును తీసేసింది. ఇచ్చేది గ్రాంటు, తిరిగి కట్టక్కర్లేదు. ఇదంతా ఎక్కడి నుంచి వస్తుందంటే ఎండోమెంట్ నుంచి, అంటే దాతలు ఇచ్చిన మూలనిధి. హార్వర్డ్ నిధి 50 బిలియన్ డాలర్లు దాటింది.

లక్ష డాలర్లంటే మన లెక్కలో 90 లక్షలు. "అయితే మాకు ఫ్రీనే కదా!" అని అప్పుడే సంబరపడొద్దు. ఆ గీతలన్నీ మామూలు ఆస్తులున్న కుటుంబాలకి. మన దగ్గర ఆదాయం తక్కువ చూపించి ఆస్తులు ఎక్కువున్న ఇళ్లు ఎన్నో. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

వాళ్ల సూత్రం ఇది. మొత్తం ఖర్చులోంచి మీ కుటుంబం కట్టగలిగింది తీసేస్తే మిగిలేది మీ అవసరం. ఆ అవసరం మొత్తాన్ని కాలేజీ భరిస్తుంది. మీరు ఎంత కట్టగలరన్నది మాత్రం మీరు చెప్పేది కాదు, వాళ్లు తేల్చేది. దానికోసమే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం.

[తెరపై: జీతం, సొంత ఫ్లాట్, ఆదిభట్ల ప్లాటు, నల్గొండ పొలం]

ఊహకి ఒక కుటుంబాన్ని తీసుకుందాం. ఉప్పల్‌లో సొంత ఫ్లాటు, జీతం ఏడాదికి 18 లక్షలు, ఆదిభట్లలో ఒక ప్లాటు, నల్గొండ దగ్గర ఐదెకరాల పొలం. జీతం చూస్తే 20 వేల డాలర్లే, చాలా తక్కువ. ఉంటున్న ఇంటి విలువని హార్వర్డ్ లెక్కలోకి తీసుకోదు. కానీ ప్లాటు, పొలం ఆస్తులే. ఫారంలో అడిగేది ఇవాళ అమ్మితే ఎంత వస్తుందని. రిజిస్ట్రేషన్ కాగితం మీద 12 లక్షలు రాసుకుని, బయట గజం రేటు చూస్తే 60 లక్షలు పలికే ప్లాట్లు మనకి కొత్త కాదు కదా. రాయాల్సింది రెండోది. పొలం మీద వచ్చే ఆదాయానికి మన దగ్గర పన్ను లేదు గానీ, పన్ను కట్టని ఆదాయం ఎంతో చెప్పమని ఆ ఫారం విడిగా అడుగుతుంది. కౌలు డబ్బులు అక్కడ రాయాలి. దాచేద్దామనే సలహా ఎవరైనా ఇస్తే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. తర్వాత బయటపడితే సీటుకే ఎసరు.

మరోవైపు, ఆస్తి ఉంది కాబట్టి సాయం రాదని వదిలేసే వాళ్లూ ఎక్కువే. అదీ తొందరపాటే. పొలం అన్నదమ్ముల ఉమ్మడిలో ఉంది, పంపకాలు కాలేదు, నాయనమ్మ డయాలసిస్‌కి నెలనెలా ఖర్చవుతోంది. ఇలాంటివి వివరించడానికి ఫారంలోనే చోటుంది. చదివేది మనుషులే.

[తెరపై: గేటు దగ్గర ఏం జరుగుతుంది?]

ఇప్పుడు అసలు మెలిక. సీటు వచ్చాక ఇచ్చే సాయంలో వీళ్లు నిజంగానే ఉదారులు. సీటు ఇచ్చేటప్పుడు మీ డబ్బు అవసరం చూస్తారా అన్నది వేరే ప్రశ్న. చూడకుండా ఎంపిక చేస్తే నీడ్-బ్లైండ్, చూస్తే నీడ్-అవేర్. అమెరికా పౌరుల విషయంలో నీడ్-బ్లైండ్ కాలేజీలు చాలానే ఉన్నాయి. విదేశీ పిల్లలకి కూడా అదే పద్ధతి పాటించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, 2022లో చేరిన డార్ట్‌మత్, బోడన్, ఆ తర్వాత బ్రౌన్, నోటర్‌డామ్ లాంటి ఒకటి రెండు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్ విదేశీయుల విషయంలో నీడ్-అవేర్. అక్కడ సాయం అడగడం సీటు అవకాశాన్ని తగ్గిస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో షరతుంది. దరఖాస్తులో ఎయిడ్ అడగని విదేశీ విద్యార్థి తర్వాత నాలుగేళ్లలో ఎప్పుడూ అడగలేడు. "ముందు సీటు తెచ్చుకుందాం, తర్వాత చూసుకుందాం" అన్న మన అలవాటు అక్కడ పనికిరాదు.

పైగా ఎంఐటీలో విదేశీ దరఖాస్తుదారుల్లో సీటు వచ్చేది నూటికి దాదాపు ఇద్దరికే. 2017లో ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం చేసిన పరిశోధన ఇంకో నిజం బయటపెట్టింది. అమెరికాలో 38 కాలేజీల్లో, ఆదాయంలో అడుగున ఉన్న 60 శాతం ఇళ్ల పిల్లలందరికంటే పైనున్న ఒక్క శాతం ఇళ్ల పిల్లలే ఎక్కువట. యేల్, ప్రిన్స్‌టన్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. హార్వర్డ్‌లో సగం మందికి సాయం అంటే, మిగతా సగం 87 వేలూ కట్టగలిగినవాళ్లనే కదా! ఈ ఉదారత నాకు నచ్చుతుంది గానీ, గేటు ఇంత ఇరుగ్గా ఉన్నప్పుడు చప్పట్లు కొంచెం తగ్గించే కొడతాను.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక విషయం. నాన్న హెచ్1బీ మీద ఉన్నప్పుడు అమెరికాలో పుట్టి, తర్వాత కొండాపూర్‌లోనో మణికొండలోనో పెరిగిన పిల్లలు మన దగ్గర చాలామందే. వాళ్లు అమెరికా పౌరులు. ఈ కాలేజీల్లో చూసేది పౌరసత్వం, ఉంటున్న ఊరు కాదు. కాబట్టి స్టాన్‌ఫర్డ్‌లో కూడా వాళ్లకి నీడ్-బ్లైండే. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సాయం కోసం ఇచ్చే ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ఫారం కూడా వాళ్లు నింపొచ్చు, మనం నింపలేం. ఇది తెలియక విదేశీ కోటా అనుకుని వెనకడుగు వేసే ఇళ్లున్నాయి.

"మావాడికి జేఈఈలో మంచి ర్యాంకండీ, మెరిట్ మీద ఇవ్వరా?" హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ లాంటి ఎనిమిది పాత యూనివర్సిటీల బృందాన్ని ఐవీ లీగ్ అంటారు, ఆ ఎనిమిదింటిలో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు. మెరిట్ పేరుతో ఇచ్చేవి వేరే కాలేజీలు, వాటిలో చాలావాటి లెక్క బట్టల షాపు ఆషాఢం డిస్కౌంట్ లాంటిది. అమెరికా ప్రైవేటు కాలేజీల్లో మొదటి ఏడాది విద్యార్థులకి సగటున ట్యూషన్‌లో సగానికి పైగా తగ్గింపు ఇస్తున్నారు. అందరికీ ఇచ్చేదాన్ని ప్రతిభకి బహుమతి అనుకుంటే ఎలా? 65 వేల డాలర్ల ఖర్చులో 25 వేలు స్కాలర్‌షిప్ అంటే ఇంట్లో స్వీట్లు పంచుతాం. మిగిలిన 40 వేలు, అంటే ఏడాదికి 36 లక్షలు, ఎవరు కడతారు? ఉత్తరం రాగానే తీసేసిన అంకె వదిలేసి మిగిలిన అంకె చూడండి.

ఎమ్మెస్‌కి ఈ ఉదారత దాదాపు వర్తించదు, అక్కడ ఎక్కువగా బ్యాంకు లోనే దిక్కు. పీహెచ్‌డీకి మాత్రం మంచి యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తాయి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకి 20 లక్షల దాకా వస్తుంది, అదీ పీజీ పైచదువులకే.

[తెరపై: ఇప్పుడు ఏం చేయాలి?]

ప్రతి అమెరికా కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, అంటే సాయం పోగా మీరు కట్టాల్సింది ఎంతో అంచనా వేసేది, అది అక్కడి చట్టం. చాలావరకు అమెరికా కుటుంబాల కోసం చేసినవే, అంచనాకి పనికొస్తాయి. సీఎస్ఎస్ ప్రొఫైల్ ఏటా అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. అదీ కష్టమైతే కాలేజీకే మెయిల్ పెట్టి ఫీజు మాఫీ అడగొచ్చు, మొహమాటపడక్కర్లేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దసరా సెలవుల్లోనే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఎర్లీ దరఖాస్తుకి, అంటే మామూలు గడువుకన్నా ముందే పెట్టేదానికి, గడువు ఎక్కువ కాలేజీల్లో నవంబర్ 1.